ల్యాండ్‌స్కేప్ ఆర్టిస్టు జీవితం, సంపాదన: నెల్లూరు, ప్రకాశం వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో ఉంటూ ప్రకృతి చిత్రాలు వేస్తాను, సాయంత్రాలు పిల్లలకు నేర్పుతాను. ఎగ్జిబిషన్ పెట్టినా, చెరువుకట్ట మీద బోర్డు తెరిచినా, ఎవరైనా ఫోన్ చేసినా ఎదురయ్యే ప్రశ్నలు ఇంచుమించు ఇవే. తల్లిదండ్రులు అడిగేవి కొన్ని, ఇంటర్ పిల్లలవి కొన్ని, రిటైరయ్యాక బ్రష్ పట్టినవాళ్ళవి కొన్ని. ఏ జవాబుకా జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను. మీ ప్రశ్న ఎక్కడుంటే నేరుగా అక్కడికి వెళ్ళిపోండి.

## మొదలుపెట్టే ముందు

మా అబ్బాయికి బొమ్మలంటే పిచ్చి. దీంతో బతకగలడా?

బతకొచ్చు. కానీ బొమ్మలు అమ్మిన డబ్బుతోనే మొదటి ఏడాది నుంచీ ఇల్లు గడవాలంటే కష్టం. మన వైపు ఈ పనిలో నిలబడ్డవాళ్ళలో ఒకరు స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు, ఒకరు ఇంట్లో క్లాసులు చెబుతారు, ఒకరు ప్రహరీగోడల మీద బొమ్మల కాంట్రాక్టులు చేస్తారు. పాత తరానికి సైన్‌బోర్డులు, సినిమా బ్యానర్లు, పద్యనాటకాల తెరలు కూడు పెట్టాయి. అడవి తెర, దర్బారు తెర, వీధి తెర రాసి రాసి చేయి తిరిగినవాళ్ళు తీరికున్నప్పుడు పెన్న ఒడ్డున కూర్చుని తమకోసం వేసుకునేవాళ్ళు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ దారి మూసుకుపోయింది.

పక్కన ఇంకో ఆదాయం ఉండటం నామోషీ కాదు. అది ఉంటేనే కొనేవాడి ఇష్టం కోసం కాకుండా మన ఇష్టంతో బొమ్మ వెయ్యగలం. అబ్బాయిని "పెద్ద ఆర్టిస్టువి అవుతావా?" అని అడగకండి. "ఈ బొమ్మ ఎవరూ కొనకపోయినా వచ్చే ఆదివారం మళ్ళీ వేస్తావా?" అని అడగండి. దానికి వెంటనే అవునంటే రంగులు కొనివ్వండి.

మన జిల్లాల్లో వెయ్యడానికి ఏముంది? అరకులా కొండలూ లోయలూ లేవు కదా?

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. నెల్లూరు నుంచి తూర్పుకి మైపాడు దాకా వెళ్ళండి. నేల బల్లపరుపుగా ఉంటుంది, అడ్డం ఏమీ ఉండదు, చూపంతా ఆకాశమే. నవంబరులో అల్పపీడనం పట్టినప్పుడు ఆ ఆకాశం గంటకో రంగు మారుతుంది. కొండ ఉన్నచోట కొండే బొమ్మను మోస్తుంది. ఇక్కడ మబ్బు మోయాలి, వెలుతురు మోయాలి. అది కష్టమైన పని, అందుకే విలువైన పని.

కొండలే కావాలంటే పడమరకు వెళ్ళండి. వెలిగొండలు, ఉదయగిరి దుర్గం, పెంచలకోన, సీఎస్‌పురం దగ్గర భైరవకోన అన్నీ అటే. గుండ్లకమ్మ మీద కొండల మధ్య కట్టిన కంభం చెరువును చూశాక నీళ్ళు వెయ్యాలనిపించని ఆర్టిస్టు ఉండడు. చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ కోసం మెట్లుమెట్లుగా తవ్విన క్వారీలు, వాటి అడుగున నిలిచిన నీళ్ళు ఇంకో రకం. పొదిలి, కనిగిరి వైపు ఎర్రనేలలు, కందిచేలు ఉన్నాయి. పొగాకు పండే ఊళ్ళలో ఆకును ఆరబెట్టే పొడవాటి ఇటుక బ్యారన్లు పొలాల మధ్య నిలబడి ఉంటాయి. కొన్ని ఇప్పటికే పాడుబడ్డాయి, అవి కూలిపోకముందే వెయ్యాలి. సైదాపురం వైపు అభ్రకం గనుల దగ్గర దారిలో మట్టే మెరుస్తుంది.

పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల అభయారణ్యం 2022 జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి. అయినా మన ఆర్టిస్టులు చలికాలం వస్తే అటు పోకుండా ఉండలేరు.

రిటైరయ్యాను. ఈ వయసులో మొదలుపెడితే వస్తుందా?

వస్తుంది. చేతి వేగం తగ్గినా చూసే ఓపిక పెరుగుతుంది, ప్రకృతి చిత్రానికి కావలసింది ఆ ఓపికే. మనిషి ముఖంలో ముక్కు కొంచెం పక్కకు పోతే పోలిక చెడుతుంది. చెట్టుకొమ్మ పక్కకు పోతే ఎవరూ పట్టించుకోరు. అందుకే పెద్దవాళ్ళకు పోర్ట్రెయిట్ కంటే ల్యాండ్‌స్కేప్ తొందరగా పట్టుబడుతుంది.

ఆడపిల్లను ఒంటరిగా పొలాల్లో, చెరువుల దగ్గర కూర్చోబెట్టి బొమ్మలు ఎలా వేయించాలి?

భయం సహజమే. దాంతో నేర్పడమే మానేస్తే అమ్మాయికి అన్యాయం చేసినట్టు. ముగ్గురు నలుగురు కలిసి వెళ్ళే అలవాటు చెయ్యండి. నగరాల్లో స్కెచింగ్ గ్రూపులు ఇలాగే నడుస్తున్నాయి. మొదట్లో గుడి ఆవరణ, రైల్వే స్టేషన్ బయట, మేడమీద నుంచి కనిపించే వీధి చాలు. నెల్లూరులో రంగనాయకులస్వామి గుడి వెనక పెన్న ఒడ్డున ఉదయంపూట స్నానాలకు, దర్శనానికి వచ్చే కుటుంబాలు ఉంటాయి, నది మొత్తం కనిపిస్తుంది. మా క్లాసు అమ్మాయిలు తమ చోట్లు తామే ఎంచుకుంటారు, వాళ్ళ ఎంపికలు చాలాసార్లు నాకంటే బాగుంటాయి.

## నేర్చుకునే రోజులు

ఇంటర్ తర్వాత ఎక్కడ చదవాలి?

నాలుగేళ్ళ బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) కోర్సు ఉంది. రాష్ట్రంలో కడపలోని డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉన్నాయి. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ) ఉంది. మనకు దగ్గర చెన్నై. అక్కడి ప్రభుత్వ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ 1850లో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌గా మొదలైంది. రాష్ట్రం మారితే సీట్ల రూల్స్ మారతాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకునే దరఖాస్తు చెయ్యండి.

ఒక్క హెచ్చరిక. ఈ కాలేజీల్లో ల్యాండ్‌స్కేప్ ఒక్కటే నేర్పరు. మనిషి బొమ్మ, కంపోజిషన్, ప్రింట్ మేకింగ్ అన్నీ చెయ్యాలి. నాకు చెట్లే ఇష్టం అని మిగతావి వదిలేస్తే చెట్టు కూడా సరిగా రాదు.

డిగ్రీ లేకపోతే ఆర్టిస్టుగా ఒప్పుకోరా?

బొమ్మ కొనేవాళ్ళు సర్టిఫికెట్ అడగరు. ఉద్యోగానికే అది కావాలి. డ్రాయింగ్ టీచర్ అవ్వాలనుకుంటే ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు రాసి, తర్వాత వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) ట్రైనింగ్ చెయ్యడం మన దగ్గర పాత దారి. పది పాసయ్యాక ఊరికే కూర్చోకుండా లోయర్ రాయించండి. ఖర్చు తక్కువ, చేతికి క్రమశిక్షణ వస్తుంది.

మొదట ఏం రంగులు, ఏం పేపరు కొనాలి?

రంగుల్లో పొదుపు చేసినా పేపర్లో చెయ్యకండి. పల్చటి డ్రాయింగ్ షీటు మీద నీళ్ళు పడగానే ఉబ్బుతుంది, పిల్లాడు తనకు చేతకావడం లేదనుకుంటాడు. తప్పు పేపరుది. 300 జీఎస్ఎం (పేపరు మందాన్ని చెప్పే లెక్క) వాటర్‌కలర్ పేపర్, వీలైతే కాటన్‌ది కొని నాలుగు ముక్కలు చేసి వాడండి.

రంగులు ఆరేడు చాలు: లెమన్ ఎల్లో, ఎల్లో ఆకర్, బర్న్ట్ సియెన్నా, ఒక ఎరుపు, అల్ట్రామెరైన్, సెరూలియన్ లేదా థాలో నీలం. నలుపు వద్దు. అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ సియెన్నా కలిపితే వచ్చే ముదురు బూడిద మన వానమబ్బుకు సరిగ్గా సరిపోతుంది. కొంచెం చెయ్యి కుదిరాక ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉండే పిగ్మెంట్ నంబరు, అంటే లోపల వాడిన రంగుపొడి నంబరు, చూడటం నేర్చుకోండి. అల్ట్రామెరైన్ అంటే పీబీ 29, ఎల్లో ఆకర్ అంటే పీవై 43 లేదా పీవై 42. కంపెనీ మారినా నంబరు ఒకటే అయితే లోపలి రంగుపొడి ఒకటే.

ఫోటో తీసుకుని ఇంటికొచ్చి ఫ్యాన్ కింద వేసుకోవచ్చు కదా? బయట కూర్చోవడం ఎందుకు?

ఫోటో పెట్టుకోండి, కానీ దాని మీదే ఆధారపడకండి. ఎండలో ఫోన్ కెమెరాకు ఆకాశం తెల్లగా పోతుంది, లేదంటే చెట్టునీడ నల్లగా పోతుంది. మన కన్ను రెండింటినీ ఒకేసారి చూస్తుంది. నీడలో ఉన్న ఊదా రంగు, గోడ మీద పడ్డ ఎర్రమట్టి వెలుగు ఫోటోలో ఉండవు.

వందల ఏళ్ళు ఆర్టిస్టులు నూనె రంగులతో బయట పూర్తి బొమ్మ వెయ్యడం అరుదు, ఎందుకంటే రంగులు మోసుకెళ్ళడమే కష్టం. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు మడతపడే లోహపు ట్యూబుకు పేటెంటు తీసుకున్నాక ఆ కష్టం తగ్గింది. అంతకు ముందే ఇంగ్లండులో జాన్ కానిస్టేబుల్ అనే చిత్రకారుడు 1821, 1822లో ఆరుబయట మబ్బుల స్టడీలు వేసి, చాలావాటి వెనక తేదీ, వేళ, గాలి వివరాలు రాసుకున్నాడు. ఆ అలవాటు మనమూ చేసుకోవాలి. బొమ్మ వెనక "కొత్తపట్నం, ఉదయం 7, తూర్పుగాలి" అని రాసి పెట్టుకుంటే, ఏళ్ళ తర్వాత పెద్ద బొమ్మ వేసేటప్పుడు ఫోటో కంటే ఎక్కువ గుర్తుచేస్తుంది.

వరిపొలం వేస్తే పచ్చదనం ప్లాస్టిక్‌లా వస్తోంది. ఎందుకు?

ట్యూబులోని పచ్చను అలాగే పూసేస్తున్నారు కాబట్టి. పొలంలో ఒకే పచ్చ ఎక్కడా ఉండదు. నారుమడి దాదాపు పసుపు. లెమన్ ఎల్లోలో బ్రష్ మొనతో థాలో నీలం తాకిస్తే ఆ రంగు వస్తుంది. నాటిన కొత్తలో పొలం అసలు పచ్చగానే ఉండదు. ఆకాశం నీళ్ళలో కనిపిస్తుంది, దాని మీద సన్నటి పచ్చ గీతలు ఉంటాయి, అంతే. పిలకలు వేసి దుబ్బు కట్టాక ముదురుతుంది. అప్పుడు అల్ట్రామెరైన్‌లో ఎల్లో ఆకర్, రవ్వంత బర్న్ట్ సియెన్నా కలపాలి. వెన్ను వంగేసరికి పైన బంగారం, కింద ఇంకా పచ్చ, రెండూ కలిసి ఉంటాయి. కోతలయ్యాక మోళ్ళు బూడిద కలిసిన గోధుమరంగుకు మారతాయి.

ఇంకొకటి. కాళ్ళ దగ్గరి పచ్చలో పసుపు ఎక్కువ, దూరం పోయేకొద్దీ నీలం ఎక్కువ. కోస్తాగాలిలో తేమ ఉంటుంది కాబట్టి మన దగ్గర ఈ తేడా మరీ తొందరగా కనిపిస్తుంది. దూరంగా ఉన్న తాటితోపును నల్లపచ్చతో వేస్తే అది ముందుకు దూకి వచ్చేస్తుంది. నీలంబూడిదతో వెయ్యండి. తాటాకు మీద ఎండపడితే అది పచ్చగా ఉండదు, తెల్లగా మెరుస్తుంది. అక్కడ పేపరును ఖాళీగా వదిలేయడమే మంచిది.

తెలుగువాళ్ళలో ఎవరి బొమ్మలు చూడాలి?

ముందు దామెర్ల రామారావు. 1897లో రాజమండ్రిలో పుట్టారు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదివారు. మశూచి సోకి 1925లో, 28 ఏళ్ళయినా నిండకుండా పోయారు. అంత కొద్ది కాలంలో ఆయన చేసిన పని రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఉంది. పిల్లల్ని తీసుకెళ్ళి ఒరిజినల్స్ ముందు నిలబెట్టండి. తెనాలి దగ్గర తుమ్మపూడిలో ఉండి హిమాలయాల దాకా తిరిగిన సంజీవదేవ్ (1914–1999) బొమ్మలూ, రాతలూ రెండూ చూడదగ్గవి. ఆయన కులూ లోయలో కలుసుకున్న రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ మంచుకొండల బొమ్మల్లో దూరాన్ని ఎలా చూపించాడో గమనించండి, మన వెలిగొండలకూ అది పనికొస్తుంది.

## బయట కూర్చున్నప్పుడు

ఏ కాలంలో ఎక్కడికి వెళ్ళాలి?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు అసలు వానాకాలం. ఈశాన్య రుతుపవనాల మబ్బులు, నిండిన చెరువులు. నెల్లూరు చెరువు, బుచ్చిరెడ్డిపాలెం దగ్గరి కనిగిరి రిజర్వాయరు, సోమశిల రిజర్వాయరు అప్పుడే చూడాలి. ఆ కాలంలోనే నేలపట్టుకు గూడబాతులు, పులికాట్‌కు ఫ్లెమింగోలు వస్తాయి, చలికాలమంతా ఉంటాయి. ఫిబ్రవరి, మార్చి వరి కోతల రోజులు. ఏప్రిల్, మే నెలల్లో పులికాట్ మన వైపు చాలావరకు ఎండిపోయి తెల్లటి బురదనేల పగుళ్ళు తేలుతుంది. ఎవరూ రాని ఆ సమయంలో వేసిన బొమ్మలే నాకు ఎక్కువ ఇష్టం. జూన్, జూలైలో పడమటిగాలి దుమ్ము రేపుతుంది. ఆ రెండు నెలలు ఇంట్లో కూర్చుని స్కెచ్‌ల నుంచి పెద్ద బొమ్మలు వేసుకోండి.

ఎండాకాలం వాష్ (పలచటి నీళ్ళరంగు పూత) వెయ్యకముందే ఆరిపోతుంది, వానాకాలం ఎంతకీ ఆరదు. ఏం చెయ్యాలి?

ఎండాకాలం పేపరును రెండు వైపులా బాగా తడిపి అక్రిలిక్ షీటు మీద పరవండి. కింద నుంచి తేమ అందుతూ ఉంటుంది, చాలాసేపు మెత్తగా పని చేసుకోవచ్చు. బోర్డు మీద నేరుగా ఎండ పడనివ్వకండి. తెల్లపేపరు మీద ఎండ పడితే కళ్ళు చెదిరి రంగులన్నీ అవసరానికి మించి ముదురుగా వేసేస్తారు. రోహిణి కార్తెలో తొమ్మిదిలోపు పని ముగించి ఇంటికి రండి, వడదెబ్బ తగిలితే ఏ బొమ్మా మిగలదు.

వానాకాలం చిన్న సైజులో, ఒకే పొరలో ముగిసేలా వెయ్యండి. పొర మీద పొర వేసే పని ఆ రోజుల్లో పెట్టుకుంటే బురదే.

జనం చుట్టూ మూగుతారు. టెన్షన్‌తో చెయ్యి కదలదు.

పల్లెల్లో మన వాళ్ళు ముందు భయపడతారు. ట్రైపాడ్, బోర్డు, టోపీ చూడగానే "ఏంది సామీ, సర్వే చేస్తా ఉండారా? రోడ్డు పోతందా మా పొలంలో?" అని అడుగుతారు. అది నిజమైన భయం, నవ్వి ఊరుకోకూడదు. లేచి నిలబడి, "లేదు పెద్దాయనా, మీ చెరువు బొమ్మ గీసుకుంటున్నాను" అని స్కెచ్‌బుక్కు చేతికివ్వండి. పేజీలు తిప్పుతూ "ఇది మా రావిచెట్టే గదా" అన్నారంటే ఇక వాళ్ళే మీకు కాపలా. ఎక్కడ నీడ ఉంటుందో, ఏ గట్టు జారుతుందో చెబుతారు. పిల్లలకు ఒక పేపరు ముక్క, పెన్సిల్ ఇవ్వండి. వాళ్ళ పనిలో వాళ్ళుంటారు.

ఎక్కడైనా కూర్చోవచ్చా? పర్మిషన్ కావాలా?

రోడ్డు పక్క, బీచ్, చెరువుకట్ట మీద మామూలుగా ఎవరూ ఆపరు. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం షార్ పరిధి, కృష్ణపట్నం పోర్టు లోపల, రైలు వంతెనల మీద అనుమతి లేకుండా కూర్చోకండి. అభయారణ్యంలో అటవీ శాఖ సిబ్బందికి చెప్పి, వాళ్ళు చూపిన చోటే కూర్చోండి. గూళ్ళు పెట్టే రోజుల్లో పక్షుల దగ్గరికి వెళ్ళొద్దు. రొయ్యల గుంటలు, ఉప్పుమడులు ప్రైవేటువి. యజమానికి ఒక మాట చెబితే చాలు.

సముద్రం వెయ్యడానికి ఉదయమా, సాయంత్రమా?

అందరూ సూర్యోదయం అంటారు. నా ఓటు సాయంత్రానికే. మన తీరంలో సముద్రం తూర్పున ఉంది. ఉదయం ఎదురెండ వల్ల నీళ్ళన్నీ ఒకే మెరుపుగా కనిపిస్తాయి. సాయంత్రం ఎండ మన వీపు మీదుగా వెళ్ళి అలల ముఖం మీద పడుతుంది, విరిగే అలలో పచ్చదనం కనిపిస్తుంది. పొద్దుగుంకాక కొద్దిసేపు తూర్పుదిక్కున సముద్రం మీద నీలంబూడిద పట్టీ, దాని మీద గులాబీ పట్టీ వస్తాయి. ఆ నీలంబూడిద భూమి నీడ. పది పదిహేను నిమిషాల్లో కరిగిపోతుంది కాబట్టి రంగులు ముందే కలిపి సిద్ధంగా ఉంచుకోండి.

## అమ్మకం మొదలయ్యాక

బొమ్మకు ధర ఎలా కట్టాలి?

సైజును బట్టి కట్టండి. చదరపు అంగుళానికి ఇంత అని ఒక రేటు పెట్టుకుంటే గొడవ ఉండదు. ఉదాహరణకు 10 రూపాయలనుకుంటే 12కి 16 అంగుళాల బొమ్మ 1,920 అవుతుంది, ఫ్రేము విడి. చిన్న బొమ్మలకు రేటు కొంచెం ఎక్కువ, పెద్దవాటికి కొంచెం తక్కువ ఉండొచ్చు. బంధువులకు ఒక ధర, బయటివాళ్ళకు ఒక ధర వద్దు. బంధువుకు బొమ్మ ఊరికే ఇవ్వాలనిపిస్తే ఊరికే ఇవ్వండి, కానీ సగం ధరకు అమ్మకండి. ఆ సగం ధరే ఊరంతా మీ ధర అయిపోతుంది.

గ్యాలరీ వాళ్ళు సగం తీసుకుంటారట, నిజమేనా?

చాలాచోట్ల కమీషన్ మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. హాలు, లైట్లు, ప్రచారం, కొనేవాళ్ళ పరిచయాలు వాళ్ళవి కాబట్టి అది మోసం కాదు. అమ్ముడుపోని బొమ్మలు ఎప్పటిలోగా తిరిగిస్తారో, రవాణాలో పాడైతే ఎవరు భరిస్తారో, అమ్మిన డబ్బు ఎన్ని రోజుల్లో వేస్తారో కాగితం మీద రాయించుకోండి. గ్యాలరీ దొరకకపోతే బెంగళూరు చిత్రకళా పరిషత్తు ఏటా జనవరిలో పెట్టే చిత్రసంతె చూడండి, అక్కడ కొనేవాళ్ళతో నేరుగా మాట్లాడొచ్చు. చెన్నైలో లలితకళా అకాడమీ ప్రాంతీయ కేంద్రం మనకు రైలుదూరంలోనే ఉంది.

ఫ్రేము ఎక్కడ కట్టించాలి?

దేవుడి ఫోటోలు కట్టే షాపులో కట్టించొచ్చు, పని బాగానే చేస్తారు. కానీ మీరు పక్కన నిలబడాలి. అలవాటు కొద్దీ బొమ్మ వెనకంతా గమ్ము పూసి అట్టకు అతికించేస్తారు. అలా అతికితే ఇక ఊడదు, కొన్నేళ్ళకు గోధుమ మచ్చలు పైకి తేలతాయి. పై అంచున మాత్రం రెండు చిన్న పేపర్ పట్టీలతో వేలాడదీయించండి. రెండోది, అద్దం బొమ్మను తాకకూడదు. మధ్యలో మౌంటుబోర్డు (బొమ్మ చుట్టూ పెట్టే మందపాటి అట్ట) పెట్టించండి. తాకితే మన ఉక్కపోతకు లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది.

అమెరికాలో ఉన్నవాళ్ళు "మా ఊరి చెరువు వేసి పంపండి" అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోండి, మంచి పని. వాళ్ళకు కావలసింది వాళ్ళ చిన్నప్పటి చెరువు, ఇప్పటిది కాదు. కట్ట మీద చింతచెట్టు ఉండేదా, రేవులో మెట్లు ఉండేవా, గుడి ఏ రంగులో ఉండేది అని ఫోన్లో అడిగి రాసుకోండి. ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళను కూడా కలవండి. పెన్సిల్ స్కెచ్ పంపి ఒప్పించాకే రంగు వెయ్యండి. సగం డబ్బు అడ్వాన్సుగా తీసుకోండి. మార్పులు ఎన్నిసార్లు చేస్తారో ముందే చెప్పండి.

నేను వేసిన బొమ్మను అడక్కుండా క్యాలెండర్ మీద వేసుకున్నారు. ఏమైనా చెయ్యగలనా?

మీరు సొంతంగా వేసి అమ్మిన బొమ్మ అయితే చెయ్యగలరు. బొమ్మ అమ్మినంత మాత్రాన కాపీరైటు పోదు. రాసిస్తేనే పోతుంది. కొన్నవారు గోడకు తగిలించుకోవచ్చు, అచ్చు వేసుకోకూడదు. కానీ ఆర్డరు ఇచ్చి డబ్బు కట్టి వేయించుకున్న బొమ్మ సంగతి వేరు. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే అలా వేయించుకున్నవారే కాపీరైటుకు మొదటి హక్కుదారు. ఇది చాలామంది ఆర్టిస్టులకు తెలియదు. ఆర్డరు తీసుకునేటప్పుడే "కాపీరైటు ఆర్టిస్టుదే" అని ఒక్క లైను రాసి సంతకం పెట్టించుకుంటే సరిపోతుంది. బొమ్మ కింద మీ పేరు ఉండాలని అడిగే హక్కు మాత్రం ఎలాగైనా మీదే, 57వ సెక్షన్ దాన్ని కాపాడుతుంది.

ఏఐ నిమిషంలో బొమ్మ ఇస్తోంది. ఇక మనల్ని ఎవరడుగుతారు?

పుస్తకాల అట్టలు, పోస్టర్ల పని కొంత పోతుంది, ఆ దెబ్బ నిజమే. కానీ కొత్తపట్నం ఒడ్డున బోటు పక్కన వల ఆరేసిన ఆ ఉదయం అక్కడ కూర్చున్నది మీరు. కొనేవాళ్ళు బొమ్మతో పాటు ఆ సంగతిని కూడా కొంటారు. కాబట్టి అక్కడికి వెళ్ళడం మానకండి. వెళ్ళినట్టు తెలిసేలా చోటు, తేదీ బొమ్మ వెనక రాయండి.

## ఏళ్ళు గడిచాక

ఒకే రకం బొమ్మలు వేస్తున్నానని అంటున్నారు. మార్చాలా?

అమ్ముడవుతున్నాయి కదా అని అదే పడవ, అదే సూర్యాస్తమయం వేస్తుంటే మార్చాలి. ఒకే చోటికి పదే పదే వెళ్ళి ప్రతిసారీ కొత్తగా చూస్తుంటే మార్చనక్కర్లేదు. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1890, 1891లో గడ్డివాములనే వరసగా వేశాడు. వామి అదే, వెలుతురు వేరు.

ఇంట్లో బొమ్మలు పాడవకుండా ఎలా దాచాలి?

పాలిథిన్ కవర్లో బిగించి పెట్టొద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. ఆసిడ్ లేని పేపరు మధ్యలో పెట్టి, ఫ్లాటుగా, సిలికా జెల్ పొట్లాలతో బీరువాలో ఉంచండి. వాన వెలిశాక ఒక పొడిరోజు తీసి గాలికి పెట్టండి, ఎండకు మాత్రం వద్దు. అన్నిటికంటే ముందు, కింది అరలో పెట్టకండి. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు నెల్లూరు చుట్టుపక్కల ఇళ్ళలోకి నీళ్ళు ఎలా వచ్చాయో చూశాం. నేలకు మూడు నాలుగు అడుగుల ఎత్తులో అర కట్టించండి. ప్రతి బొమ్మకూ మంచి ఫోటో తీసి ఇంకోచోట కూడా దాచండి.

కంట్లో శుక్లం వచ్చింది. రంగులు తేడాగా కనిపిస్తున్నాయి. ఇక ఆపేయాలా?

ఆపొద్దు, డాక్టరుకు చూపించండి. శుక్లం ముదిరితే లోకమంతా పసుపు, గోధుమరంగుగా కనిపించి నీలాలు మసకబారతాయి. మోనేకు కూడా అదే వచ్చింది, 1923లో ఆపరేషన్ చేయించుకుని తర్వాత కూడా బొమ్మలు వేశాడు. ఆపరేషన్ అయ్యేదాకా ప్యాలెట్లో రంగులు ఎప్పుడూ ఒకే వరసలో పెట్టుకోండి, ట్యూబు పేరు చదివి వాడండి. లేదా ఆ కొద్ది నెలలు బొగ్గుతో, ఇంకుతో పని చెయ్యండి.

మా నాన్నగారు జీవితమంతా బొమ్మలు వేశారు. ఇప్పుడు ఆయన లేరు, ఇంటినిండా బొమ్మలే. ఏం చెయ్యాలి?

ముందు ఏదీ పారేయకండి, ముఖ్యంగా స్కెచ్‌బుక్కులు. పిల్లలు ఫ్రేము కట్టిన బొమ్మలు దాచి, చిత్తు పుస్తకాలు పాతపేపర్లకు వేసేస్తారు. ఆయన ఏ చెరువు దగ్గర కూర్చున్నారో, ఏ వాగు ఎలా ఉండేదో ఆ పుస్తకాల్లోనే ఉంటుంది. అందులో సగం చోట్లు ఇప్పుడు ప్లాట్లు అయిపోయి ఉంటాయి.

ప్రతిదానికీ ఫోటో తీసి, వెనక ఉన్న రాతను కూడా ఫోటో తీయండి. సైజు, మీడియం, చోటు, సంవత్సరం ఒక నోటుపుస్తకంలో రాయండి. చోటు తెలియకపోతే ఆయన స్నేహితులు, శిష్యులు ఉన్నప్పుడే పిలిచి చూపించండి, వాళ్ళు గుర్తుపడతారు. పెన్సిలుతో రాయండి, బాల్‌పెన్ను ముందువైపుకు అచ్చు పడుతుంది.

కాపీరైటు ఆయన పోయాక కూడా 60 ఏళ్ళు వారసులకు ఉంటుంది. ఎవరైనా అచ్చు వేస్తామంటే రాతపూర్వకంగా, ఆ ఒక్క వాడకానికే ఒప్పుకోండి. బొమ్మ 10,000 రూపాయలకు మించి మళ్ళీ అమ్ముడైతే, మొదటి కాపీరైటు ఆయనదే అయిన పక్షంలో అందులో వాటా అడిగే వీలు 53ఎ సెక్షన్లో ఉంది. ఆ వాటా 10 శాతం దాటదు.

అన్నీ మీరే దాచుకోలేకపోతే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు పంచుకునే ముందు ఒక మంచి వరసను, ఒకే చోటివి లేదా ఒకే కాలానివి, విడదీయకుండా పక్కన పెట్టండి. ఏదైనా ఫైన్ ఆర్ట్స్ కాలేజీకో, గ్యాలరీకో ఇవ్వాలనుకుంటే వాళ్ళు అడిగేది అలాంటి వరసనే. ఇచ్చేటప్పుడు మీరు రాసిన జాబితా నకలు కూడా జతచేసి, అందినట్టు సంతకం తీసుకోండి.